డెబ్బై శాతం బ్లాకు

మా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది పేరు కంటే ముందు శాతం చెబుతారు. "డెబ్బై ఉందంట డాక్టరు గారూ!" ఏ రక్తనాళంలో, ఎంత పొడవున, అన్నది వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ అంకె మాత్రం ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేస్తుంది.

కృష్ణా డెల్టా రైతు ఒకాయన అలాగే వచ్చాడు. అరవై దాటాయి. కొడుకు పట్టుబట్టి హెల్త్ చెకప్ చేయిస్తే, సీటీ యాంజియోలో ఎల్‌ఏడీలో, అంటే గుండె ముందు భాగానికి రక్తమిచ్చే నాళంలో, డెబ్బై శాతం పూడిక ఉందని రాశారు. ఆయన రోజూ గట్ల వెంట తిరుగుతాడు, ఎరువు బస్తా ఎత్తుతాడు. నొప్పి లేదు, ఆయాసం లేదు. కొడుకు మాత్రం స్టెంటు వేయించాకే ఇంటికి తీసుకెళ్తానంటాడు. పెద్దాయనకు కాలువ భాషలో చెప్పాను: "కాలువ ఒకచోట ఇరుకైందని తెలిసింది. నాట్ల రోజుల్లో, అందరూ నీళ్లు లాగుతున్నప్పుడు శివారు చేలకు అందుతున్నాయా లేదా అన్నది మనం ఇంకా చూడలేదు." ఆయన వెంటనే అందుకున్నాడు. "అయితే శివారుకెళ్లి చూడాల్సిందే గదండీ!"

అలా చూసే పద్ధతిని 1990లలో నెదర్లాండ్స్ వైద్యుడు నికో పైల్స్, బెల్జియం వైద్యుడు బెర్నార్డ్ డి బ్రూయిన్ నిలబెట్టారు. చివర ప్రెషర్ కొలిచే సెన్సర్ ఉన్న సన్నని వైరును బ్లాకు దాటిస్తారు. అడినోసిన్ అనే మందు ఇచ్చి రక్తప్రవాహాన్ని గరిష్ఠానికి తెస్తారు. బ్లాకు అవతలి ప్రెషర్‌ను మహాధమని ప్రెషర్‌తో భాగిస్తే వచ్చేది ఎఫ్ఎఫ్ఆర్. ఏ అడ్డూ లేకపోతే 1. అది 0.80కి లేదా అంతకంటే దిగువకు వస్తే, పని పెరిగినప్పుడు కండరానికి రక్తం చాలడం లేదని లెక్క. 2009లో వచ్చిన ఫేమ్ అధ్యయనంలో 1005 మంది ఉన్నారు. వైరుతో కొలిచి వేసినచోట స్టెంట్లు తగ్గాయి. ఏడాదిలో మరణం, గుండెపోటు, మళ్లీ చికిత్స, అన్నీ కలిపి 18.3 శాతం నుంచి 13.2 శాతానికి దిగాయి. అదే అధ్యయనంలో, కంటికి 50 నుంచి 70 శాతంగా కనిపించిన బ్లాకుల్లో నిజంగా రక్తాన్ని ఆపుతున్నవి 35 శాతమే. నేను ఇంటికి తీసుకెళ్లి మళ్లీ మళ్లీ చదివిన అంకె అది.

వైరు వేయాలంటే క్యాథ్ ల్యాబ్‌కు పోవాలి. నొప్పే లేని మనిషిని అక్కడికి తీసుకెళ్లే ముందు, ఉన్న సీటీ బొమ్మలనుంచే ఆ లెక్క కట్టగలమా అన్నది ప్రశ్న. స్టాన్‌ఫోర్డ్‌లో చార్లెస్ టేలర్ బృందం ఈ దారి వేసింది. అమెరికా ఎఫ్‌డీఏ 2014లో అనుమతించింది. బొమ్మలోంచి నాళాల లోపలి గోడను గీసి, ఆ ఖాళీని లక్షలాది చిన్న ముక్కలుగా విడగొడతారు. గుండె కండరం బరువును బట్టి ఎంత రక్తం అవసరమో అంచనా వేస్తారు. అడినోసిన్ ఇస్తే సన్ననాళాలు ఎలా విప్పారతాయో కంప్యూటర్‌లోనే ఊహించి, ద్రవాల కదలికకు నేవియర్, స్టోక్స్ ఇచ్చిన సమీకరణాలను ముక్క ముక్కకూ సాధిస్తారు. మన దగ్గర ఈ సౌకర్యం ఇంకా కొద్ది కేంద్రాల్లోనే ఉంది.

ఈ పనిలో నేను అందరికంటే ఎక్కువ గౌరవించేది సీటీ గదిలో టెక్నీషియన్‌ను. ముందు మెటోప్రొలాల్ ఇచ్చి నాడి అరవైకి దించాలి. నాలుక కింద నైట్రేట్ పెట్టి నాళాలు విప్పారేలా చేయాలి. కాంట్రాస్ట్ మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కుతుంది, భయపడకండి అని ముందే చెప్పాలి. ఊపిరి బిగబట్టడం రెండుసార్లు సాధన చేయించాలి. నాళం వెడల్పు మూడు మిల్లీమీటర్లు. సీటీ విడిగా చూపగలిగేది దాదాపు అర మిల్లీమీటరు. పొయిసోయ్ సూత్రం ప్రకారం వ్యాసం సగమైతే నిరోధం పదహారు రెట్లవుతుంది. రోగి ఒక్క దగ్గు దగ్గితే గీత చెదురుతుంది, గీత చెదిరితే లెక్కంతా చెదురుతుంది.

రైతు గారి లెక్క 0.87 వచ్చింది. స్టాటిన్, బీపీ మందు, చుట్ట మానడం. స్టెంటు లేదు. 2017లో ప్రభుత్వం మందు పూత స్టెంటు ధరను 29,600 రూపాయలకు దించినప్పుడు నేనూ సంతోషించాను. కానీ చవకైనా, అక్కర్లేని స్టెంటు అక్కర్లేనిదే. దాని వెంట నెలల తరబడి రెండు రకాల బ్లడ్ థిన్నర్లు మింగాలి.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఒక జిల్లా పరిషత్ స్కూలు టీచరమ్మ. యాభై రెండేళ్లు. రెండో అంతస్తులో క్లాసు. మెట్ల మలుపులో ఆగి, పుస్తకాల కట్ట పిట్టగోడ మీద పెట్టి, దవడ పట్టుకుని నిలబడేది. ఏడాదిన్నర పాటు గ్యాస్ అన్నారు, థైరాయిడ్ అన్నారు, వయసు మార్పులన్నారు. సీటీలో యాభై శాతమే; "ఓ మోస్తరు" అని రిపోర్టు. అయితే ఆ పూడిక దాదాపు మూడు సెంటీమీటర్ల పొడవుంది. లెక్క కడితే చివర 0.72. క్యాథ్ ల్యాబ్‌లో వైరు 0.74 చూపింది. బల్ల మీద పడుకునే ఆమె అడిగింది: "అంటే నాది భ్రమ కాదు కదా సార్?" కాదమ్మా అన్నాను. ఆడవాళ్ల ఛాతీ నొప్పిని మనం ఎంత తేలిగ్గా తీసుకుంటామో తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

లెక్కకూ హద్దులున్నాయి. ఏళ్ల తరబడి షుగరున్న ఒకాయన నాళాల్లో సున్నం పేరుకుని సీటీలో అంతా తెల్లగా మెరిసింది. గీత గీయడానికి చోటే లేదు. నేరుగా వైరే వేశాం. సన్ననాళాలే జబ్బుపడితే, అవి మామూలుగా విప్పారతాయన్న కంప్యూటర్ ఊహే తప్పుతుంది.

ఈ మధ్య వచ్చిన ఆర్టీసీ డ్రైవరుకు 0.78 వచ్చింది. 0.76 నుంచి 0.80 దాకా ఉన్న ఆ కొద్ది జాగాలో కంప్యూటర్ మాటే ఆఖరి మాట కాదు. డిపోలో ఎంత దూరం నడిస్తే ఛాతీ పట్టేస్తుంది, నిరుడు ఎంత దూరం నడిచేవాడివి అని అడిగాను. గేటు దాకా అన్నాడు, నిరుడు అసలు నొప్పే లేదన్నాడు. మందులు మొదలుపెట్టి, స్టీరింగుకు దూరంగా ఉండాలని డిపోకు ఉత్తరం రాసిచ్చాను. వచ్చే వారం వైరు వేసి చూస్తాం.