సీస కల్లు, చెట్టు కల్లు

“మీ ఊళ్లో కల్లు దొరుకుతుందా?”

ఇంజినీరింగ్‌లో చేరినప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. మాది వనపర్తి జిల్లా, పెబ్బేరు దగ్గర అని చెప్తే, పక్కనే పారే కృష్ణ గురించి ఒక్కడూ అడగడు, పశువుల సంత గురించి అడగడు. కల్లు సంగతి మాత్రం అడుగుతాడు.

ఈ సంక్రాంతి సెలవులకు నా రూమ్మేట్లు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. ఒకడిది తెనాలి. ఇంకొకడిది కూకట్‌పల్లి. “మా ఏరియాలో మొన్న జులైలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు కదరా, అందుకే ప్యూర్‌ది తాగాలని ఇంత దూరం వచ్చా” అన్నాడు కూకట్‌పల్లి వాడు. 2025 జులై సంగతి వాడు చెప్పేది. పల్లెటూరి కల్లు అంటే ప్యూర్ అని వాడి నమ్మకం. నేనేం మాట్లాడలేదు.

రెండు బండ్ల మీద బయల్దేరాం. హైవే మీద బీచుపల్లి బ్రిడ్జి దాటి, ఆంజనేయస్వామికి ఒక దండం పెట్టుకుని, ఎర్రవల్లి చౌరస్తా నుంచి గద్వాల, అక్కడి నుంచి జూరాల. డ్యామ్ దగ్గర రోడ్డు పక్కన చేపల దుకాణాలు ఉంటాయి. చేప మనమే చూపించాలి, వాళ్లు అక్కడే కోసి, ఉప్పూ కారం మసాలా పట్టించి, పెద్ద బాండీలో వేయించి ఇస్తారు. పేపర్ ప్లేటు, కోసిన ఉల్లిగడ్డ, నిమ్మకాయ. అంతే. ముల్లు తీసుకోవడం చేతగాక తెనాలి వాడు పావుగంట కుస్తీ పట్టాడు, కృష్ణా డెల్టా మనిషి అయ్యుండి! ఆ చేపల గురించే ఒక వ్యాసం రాయొచ్చు. కానీ వీళ్లకు చేప సగం, కల్లు సగం. “చేపలోకి కల్లుంటే ఎట్లుంటది” అని ఒకటే పోరు.

డ్యామ్ దాటి ఆత్మకూరు వైపు వస్తుంటే రోడ్డు పక్కన ఒక కల్లు దుకాణం. రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు, దాని కింద చాపలు. ఒక ముసలామె తట్టలో ఉడికిన గుడ్లు, బొబ్బెర గుడాలు, మిరపకాయ బజ్జీలు పెట్టుకుని కూర్చుంది. లోపల ప్లాస్టిక్ పెట్టెల్లో పాత బీరు సీసాలు, నిండా తెల్లటి కల్లు. కూకట్‌పల్లి వాడు అప్పటికే ఫోన్ తీసి రీల్ మొదలుపెట్టాడు. చాపల మీద ఎక్కువమంది ఆడవాళ్లే. పొలం పని నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, చీరలకు మన్ను. ఒకామె వీడి ఫోన్‌కు కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆమెను చూస్తే మా అవ్వ గుర్తొచ్చింది.

మా అవ్వ కూడా బుడ్డలు పీకే కూలికి పోయి (మా దగ్గర వేరుశెనగను బుడ్డలంటారు), సాయంత్రం దుకాణంలో రెండు సీసలు తాగి ఇంటికొచ్చేది. నడుము నొప్పికి అదే మందు, నిద్రకూ అదే. ఇంట్లో ఎవరూ తప్పనుకోలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. నావి పదో తరగతి పరీక్షలు మూడు రాశాక ఆగిపోయాయి. దుకాణం మూతపడింది. రెండో రోజు నుంచి అవ్వకు నిద్ర లేదు. మూడో రోజు చేతులు వణికి చాయ్ గ్లాసు కింద పడేసింది. నాలుగో రాత్రి గోడ నిండా చీమలు పోతున్నాయని చీపురుతో కొడుతూ కూర్చుంది. గోడ మీద ఏమీ లేదు. పక్కింటామె గాలి సోకిందన్నది. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. పోలీసులను బతిమాలుకుంటూ ఆస్పత్రికి తీసుకుపోతే, డాక్టర్ మా నాయినను అడిగిన మొదటి మాట: “ఏ కల్లు తాగుతది?”

అప్పుడు నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆ రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు కల్లు, మందు ఆగిపోయిన మనుషులు వరస కట్టారని టీవీలో చూశాం. కల్తీ కల్లు పట్టుబడ్డ ప్రతి వార్తలో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం అనే పేర్లే ఉంటాయి. చివరి రెండూ ఒకే జాతి నిద్రమాత్రలు. మెదడు వాటికి అలవాటు పడ్డాక ఒక్కసారిగా ఆపితే వణుకు, భ్రమలు, ఫిట్స్. మెల్లమెల్లగా మోతాదు తగ్గిస్తూ మాన్పించాలి. డాక్టర్ అవ్వకు చేసింది అదే. నెలలు పట్టింది.

“రెండు సీసలియ్యన్నా” అని తెనాలి వాడు పైసలు తీశాడు. నేను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

నేను చదివేది కెమికల్. మాకు సెకండియర్‌లోనే మెటీరియల్ బ్యాలెన్స్ నేర్పిస్తారు. లోపలికి వచ్చిందెంత, బయటికి పోయిందెంత, లెక్క కుదరాలి. ఆ షెడ్డులో నాకు కనిపించినవి నలభై పెట్టెలు. పెట్టెకు పన్నెండు సీసలు, సీస 650 మిల్లీలీటర్లు. అంటే మూడు వందల లీటర్ల పైనే. ఆ చెట్లెక్కడ? లెక్క చేసి చూపించేసరికి కూకట్‌పల్లి వాడు రీల్ ఆపేశాడు.

ఇంకో నాలుగు కిలోమీటర్లు వచ్చాక వాగు ఒడ్డున ఈతచెట్లు, ఒక చెట్టు మీద మనిషి కనిపించాడు. నడుముకు మోకు, కత్తి. దిగొచ్చాక అడిగాం.

“యాడోళ్లు బిడ్డా? పట్నమోళ్లా?” అన్నాడు.

“నాది పెబ్బేరు కాడ, తాతా.”

“గట్లయితే కూసోండ్రి.”

మోదుగాకు దొప్ప చేసి చేతికిచ్చి లొట్టిలోంచి వంపాడు. తియ్యగా, కొంచెం పుల్లగా, పైన నురగ, ఒకటి రెండు తేనెటీగలు కూడా. అంతవరకు ఏం రుచి అని ఆరాటపడ్డ తెనాలి వాడు “కొబ్బరినీళ్లు పులిసినట్టుందిరా” అన్నాడు. చెట్టు నుంచి కారేటప్పుడు అది తీపి నీరే. లొట్టిలో పడగానే ఈస్టు పని మొదలుపెడుతుంది, ఎండెక్కే కొద్దీ పులుపు. రేపటిదాకా దాచిపెట్టే సరుకు కాదు. జూరాలలో పొట్లం కట్టించుకున్న చేప ముక్కలు చల్లబడిపోయాయి గానీ, వాటితో తాగితే మస్తుంది.

ఎన్ని చెట్లు గీస్తావు తాతా అంటే, పదిహేను అన్నాడు. చెట్టుకు రెండు మూడు లీటర్లు వస్తే గొప్ప, కొన్నాళ్లు గీసి మళ్లీ చెట్టుకు రెస్టు ఇయ్యాలె అన్నాడు. నా నలభై పెట్టెలకు ఇలాంటి వాళ్లు ఎనిమిది మంది కావాలి. ఇంత దూరంలో మాకు కనిపించింది ఈయనొక్కడే.

“దుకాణపోళ్లు నీ దగ్గర కొనరా?”

“కొంటుండ్రి ఇంతకుముందు. ఇప్పుడు తాగెటోళ్లే వద్దంటరు. నా కల్లు ఎక్కుతలేదంట.” నవ్వుతూనే అన్నాడు. “నా కొడుకు ఆటో నడుపుతడు. చెట్టెక్కడు. కాలు జారితే ఎవడు సూస్తడు?”

వచ్చేటప్పుడు ఒక లీటరు నీళ్ల బాటిల్లో పోయించుకున్నాం. నాయిన కోసం అనుకున్నా. నిజం చెప్పాలంటే అవ్వ గురించే దారంతా ఆలోచించాను. ఐదేళ్లయింది ఆమె ముట్టక. ఇయ్యాల్నా, దాచాల్నా? ఇది చెట్టుది, ఏం కాదు అని ఒక మనసు. ఆ నాలుగో రాత్రి చీపురు చప్పుడు ఇంకో మనసు. ఇంటికి రాగానే బాటిల్ బ్యాగులోనే ఉంచి బ్యాగు మంచం కింద తోశాను.

అవ్వ వాకిట్లో బుడ్డలు ఒలుస్తూ కూర్చుంది. తలెత్తకుండానే అడిగింది.

“యాడ తాగిన్రు?”

“ఈతకల్లు అవ్వా. చెట్టు కాడ్నే.”

“నాకు తేలేదా?”

నేను మా నాయిన వైపు చూశా. ఆయన నా వైపు చూశాడు. కాసేపటికి “ఒక గుక్క ఇయ్యి” అన్నాడు.

చిన్న స్టీలు గ్లాసులో సగం పోసిచ్చాను. వాసన చూసింది. ఒక గుక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు. నా రూమ్మేట్లు ఇద్దరూ ఏదో రిజల్ట్ కోసం చూస్తున్నట్టు నిలబడ్డారు. మింగి, గ్లాసు నా చేతికే తిరిగిచ్చింది.

“సప్పగున్నది బిడ్డా. దీంట్ల ఏం లేదు” అని మళ్లీ బుడ్డలు ఒలవడం మొదలుపెట్టింది.