పూరీయా, గోపాల్‌పూరా?



చలికాలం ప్రవేశించగానే ప్రతి బడిలోనూ విహారయాత్ర ప్రస్తావన వస్తుంది. బరంపురంలోని మా బడిలో ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు విద్యార్థులు 26 మంది. వారందరూ ఈసారి ముక్తకంఠంతో పూరీ అన్నారు. ప్రధానోపాధ్యాయులు పిల్లలు రాసిన అర్జీని నా చేతిలో పెట్టి, "తెలుగు పిల్లల సంగతి మీకే బాగా తెలుసు మాస్టారూ, నిర్ణయం మీదే" అన్నారు. ఇంత గౌరవంగా అప్పగించే పని ఏదీ తేలికైనది కాదని ఇన్నేళ్ల ఉద్యోగంలో గ్రహించాను.

పూరీ అనగానే నా గుండె ఒక్కసారి ఆగి మళ్ళీ కొట్టుకుంటుంది. కారణం చెబుతాను. 1998లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, 31 మంది పిల్లలను వెంటబెట్టుకొని పూరీ వెళ్ళాను. స్వర్గద్వారం దగ్గర జనసమ్మర్దం ఇసుక వేస్తే రాలనట్లున్నది. మోకాలి లోతు దాటవద్దని పదిసార్లు చెప్పాను. అయితే మోకాలి లోతు అనేది సముద్రానికి తెలియదు కదా! అల వచ్చినప్పుడు అదే చోటు నడుము లోతు, అల వెనుదిరిగేటప్పుడు కాళ్ల కింది ఇసుకే ఉండదు. ఆరో తరగతి పిల్లవాడొకడు నా కళ్లముందే పడిపోయాడు, నా కళ్లముందే కనబడకుండా పోయాడు. తలమీద శంకువు ఆకారపు తెల్లటోపీ పెట్టుకొన్న నూలియా ఒకాయన ఎటునుంచి వచ్చాడో గాని, వాణ్ణి జబ్బ పట్టి ఈడ్చుకొచ్చి నా కాళ్లదగ్గర పడవేశాడు. పిల్లవాడు నీళ్లు కక్కి ఏడవడం మొదలుపెట్టిన తరువాత ఆయన నావైపు తిరిగి, అచ్చమైన తెలుగులో, "సముద్రం సూపించడానికి తెచ్చినారా మాస్టారూ, సముద్రానికి ఇచ్చీడానికి తెచ్చినారా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ పిల్లవాడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. బజారులో కనిపించినప్పుడల్లా నమస్కారం పెడతాడు. నాకు మాత్రం వాడి ముఖం కన్నా ముందు ఆ తెల్లటోపీయే గుర్తుకు వస్తుంది.

అంత జరిగినా ఈసారి వెంటనే కాదనలేకపోవడానికి కూడా ఆ టోపీయే కారణం. పూరీ రేవులో యాత్రికులను కాపాడే నూలియాలలో అనేకులు తెలుగువారే. పూరీ తీరానికి ఈశాన్యపు కొసన ఉన్న పెంటకోట అనే మత్స్యకారుల పేట అంతా మన భాష మాట్లాడేదే. ఆంధ్ర తీరంనుంచి చేపల వేట వెంబడి వచ్చి స్థిరపడినవారు వారు. అనకాపల్లి జిల్లాలో పాయకరావుపేట దగ్గర సముద్రపు ఒడ్డున పెంటకోట అనే ఊరు ఉన్నదంటే ఈ పేరు ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. మా గంజాం ప్రాంతపు తెలుగువారి కథ వేరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మేము మద్రాసు రాజధానిలోని వాళ్లం. ఊరు కదలలేదు, సరిహద్దే కదిలింది. పూరీవారు తామే కదిలి వచ్చినవారు. మా పిల్లలకు ఆ తేడా చూపించాలని, తెలుగు అంటే బడిలో ఉన్న ఒక్క తరగతి గది మాత్రమే కాదని చెప్పాలని నాకు చాలాకాలంగా కోరిక. ఇంటిలో తెలుగు మాట్లాడుతూ వీథిలో ఆ సంగతి దాచుకొనే పిల్లలను రోజూ చూసేవారికి ఈ కోరిక అర్థమవుతుంది.

అందుచేత డిసెంబరులో ఒక ఆదివారం, డిగ్రీ చదువుతున్న మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని స్వయంగా చూసిరావడానికి బయలుదేరాను. బరంపురంనుంచి పూరీకి రైలు మార్గం సుమారు 190 కిలోమీటర్లు. రంభ దాటినప్పటినుంచి చిలికా సరస్సు కనబడుతూ ఉంటుంది గనుక ప్రయాణం ఆహ్లాదకరమే. కాని ఖుర్దా రోడ్డులో ఆలస్యాలూ అవీ కలుపుకొంటే పోవడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరిన పిల్లలు రాత్రి తొమ్మిదింటికి గాని ఇల్లు చేరరు. ఆడపిల్లలు 14 మంది ఉన్న జట్టు ఇది. దారిలో మరుగుదొడ్లమాట ముందుగా ఆలోచించని ఉపాధ్యాయుడు యాత్రకు తీసుకువెళ్లడానికి అర్హుడు కాడని నా అభిప్రాయం.

ఇక శ్రీమందిరం. పూరీ వెళ్లి జగన్నాథుణ్ణి చూడకుండా రావడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. లోపలికి సెల్‌ఫోన్లు తీసుకుపోనివ్వరు. గుంపు విడిపోతే ఉపాధ్యాయులు ఒకరినొకరు పిలుచుకొనే మార్గం లేదు. పైగా ఆలయంలోకి హిందువులకు మాత్రమే ప్రవేశం. మా తరగతుల్లో ఇద్దరు క్రైస్తవ పిల్లలున్నారు. గుడి నియమాన్ని నేను ప్రశ్నించడం లేదు. ఇద్దరు పిల్లలను బయట అరుగుమీద కూర్చోబెట్టి తక్కిన 24 మందినీ లోపలికి తీసుకుపోయే యాత్ర మా బడి యాత్ర ఎలా అవుతుందన్నదే నా ప్రశ్న.

సముద్రపు ఒడ్డున మేము ఒక చిన్న పరీక్ష చేశాము. మేనల్లుడి చేతికి ఎర్రగొడుగు ఇచ్చి, స్వర్గద్వారం దగ్గర జనంలోకి నడిచి వెళ్లమన్నాను. నేను నిలుచున్నచోటనే నిలుచుండి అడుగులు లెక్కపెట్టాను. బెంగాలునుంచి వచ్చిన యాత్రికులు, ఒంటెలు, గుర్రాలు, శంఖాలు అమ్మేవారు, టీ కెటిళ్లు... నలభై అడుగులలో గొడుగు మాయమైంది. గొంతెత్తి పిలిచాను, వినబడలేదు. విప్పిన గొడుగు పట్టుకొన్న ఇరవయ్యేళ్లవాడే కనబడకపోతే పన్నెండేళ్ల పిల్ల ఏం కనబడుతుంది? 2025 జూన్ 29న రథయాత్ర సందర్భంలో గుండిచా మందిరం దగ్గర తొక్కిసలాట జరిగి ముగ్గురు మరణించారు. రథయాత్ర జనానికీ మామూలు ఆదివారపు జనానికీ పోలిక లేదని నాకు తెలుసు. అయినా ఆ గొడుగు మాయమైన క్షణంలో నాకు ఆ వార్తే గుర్తుకు వచ్చింది.

మధ్యాహ్నం పెంటకోట వెళ్లాము. ఇళ్లు ఒకదానినొకటి ఒరుసుకొని ఉన్నవి. ఇసుకమీద వలలు, ఎండుతున్న చేపలు, బాగుచేస్తున్న పడవలు. పదేళ్ల కుర్రవాడొకడు మాకు దారి చూపుతూ గలగలా తెలుగు మాట్లాడాడు. నా సంచిలోని తెలుగు వాచకం తీసి చూపిస్తే బొమ్మలు చూశాడు గాని, అక్షరం ఒక్కటీ పోల్చుకోలేకపోయాడు. "మాకు ఒడియానే సెప్తారు" అన్నాడు. ఆ మాటలో బాధ లేదు, ఫిర్యాదు లేదు. ఎండ కాస్తున్నదన్నట్లు చెప్పాడు. నేను మాత్రం తిరుగు రైలులో చాలాసేపు మాట్లాడలేదు. మా పిల్లలను వీడి దగ్గరకు తీసుకురావాలన్న కోరిక రెట్టింపయింది. తీసుకురాకూడదన్న ఆలోచన కూడా అదే రైలులో గట్టిపడింది.

మరునాడు ఏడో తరగతి అమ్మాయి తల్లి బడికి వచ్చింది. మా జిల్లాలో ఎందరిలాగానో ఆమె భర్త కూడా సూరత్‌లో మరమగ్గాలమీద పని చేస్తున్నాడు. "మాస్టారూ, ఆయనిక్కడ లేడు. నాకిది ఒక్కతే. మీరు రమ్మంటే వచ్చేస్తాది, నా మాట వినదు. అదే నా భయం" అన్నది. ఆమె నన్ను తప్పుపట్టలేదు. అయితే ఆ మాటలో నా బాధ్యత ఎంత ఉన్నదో నాకు అర్థమైంది. ఇంకొక సంగతి కూడా ఉన్నది, దాచడం దేనికి? ఏటేటా తెలుగు తరగతిలో పిల్లలు తగ్గుతున్నారు. ఒక్క బిడ్డకు హాని జరిగితే ఆ కుటుంబపు దుఃఖం ఎలాగూ తీరేది కాదు. ఆపైన తక్కిన తల్లిదండ్రులు ఒక్కరొక్కరే పిల్లలను మాన్పించివేస్తారు. అప్పుడు తెలుగు తరగతి తలుపు మూయడానికి ఎవరి ఉత్తరువూ అక్కరలేదు.

తరువాతి గురువారం ఉదయం అదే ఎర్రగొడుగుతో గోపాల్‌పూర్ వెళ్లాము. మా ఊరికి పదిహేను పదహారు కిలోమీటర్లు. మేనల్లుడు దీపస్తంభంవైపు నడుస్తూ పోయాడు. గొడుగు చిన్నదవుతూ, చిన్నదవుతూ చివరిదాకా కనబడింది. ఆదివారం సాయంత్రం ఇలా ఉండదు, అప్పుడు అక్కడా తోపులాటే. గోపాల్‌పూర్ సముద్రం పూరీ సముద్రం కన్నా సాధువని కూడా ఎవరూ అనుకోవద్దు. అక్కడా ఒడ్డు హఠాత్తుగా లోతవుతుంది, లోపలికి లాగే ప్రవాహం బలమైనది. అందుచేత పిల్లలెవరూ నీటిలో దిగరు. పాదాలు తడుపుకోవడం కూడా ఉపాధ్యాయుడు పక్కనుండగా, ఆరుగురు చొప్పున మాత్రమే.

తరగతిలో ఈ నిర్ణయం చెప్పగానే ముఖాలు వాడిపోయాయి. "గోపాల్‌పూర్ మేము చూసిందే కదా మాస్టారూ" అన్నాడొకడు.

"ఏమి చూశావు?" అన్నాను.

కొంచెం ఆలోచించి, "పానీపూరీ బండి" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. (వాడి నిజాయితీకి మార్కులు వేయవలసిందే.)

నిజానికి ఆ గురువారమే నాకూ ఒక సంగతి తట్టింది. మేము వెళ్లే వేళకు పడవలు తిరిగి వస్తున్నవి. వలలోనుంచి కవ్వళ్లు విదిలిస్తున్న ఆడవాళ్లు మాట్లాడుకొంటున్నది తెలుగే. పిల్లలకు వినిపించాలని నేను 190 కిలోమీటర్ల దూరం పోయి వెతికిన మాట ఇక్కడ, బస్సు టిక్కెట్టు దూరంలోనే ఉన్నది. మా తాతల కాలంలో రంగూన్ ఓడలు ఎక్కింది కూడా ఈ రేవులోనే. కూలిన పాత గోడలు ఇంకా ఉన్నవి. ఒక్కొక్క జట్టు పదేసి మాటలు సేకరించాలని చెప్పాను: వలల పేర్లు, చేపల పేర్లు, గాలుల పేర్లు, అలల పేర్లు. అలివి వల అంటే ఏమిటో మా ఎనిమిదో తరగతివారిలో ఒక్కరికీ తెలియదు. నిఘంటువులు రాసినవారిలోనూ దానిని లాగి చూసినవారు తక్కువేననుకొంటాను.

పెంటకోట కుర్రవాడి సంగతి మాత్రం తేలలేదు. ఎనిమిదో తరగతివారిలో అయిదారుగురిని, తల్లిదండ్రులతో సహా, ఒక రాత్రి బస ఏర్పాటుతో వచ్చే ఏడాది తీసుకువెళ్లవచ్చునా అని ఆలోచిస్తున్నాను. వెళ్లినా వెళ్లకపోయినా మొదటి వాచకం ఒకటి వాడికి అందజేయాలి.

యాత్ర జనవరిలో, సంక్రాంతి తరువాతి గురువారం. ఉదయం 6 గంటలకు బడి గుమ్మం దగ్గర బస్సు. పులిహోర, అప్పడాలు బడి తరఫున. తాగునీరు, టోపీ పిల్లలే తెచ్చుకోవాలి. ముగ్గురు ఉపాధ్యాయులకు తోడుగా తల్లులెవరైనా రాగలరా అని అంగీకార పత్రం అడుగున ఒక గీత గీసి పంపించాను. నిన్నటికి మూడు పేర్లు వచ్చాయి. మూడోది సూరత్ ఆయన భార్యది.