అరకు చలి.. కుడి చక్రం గోల!

అరకులో నవంబరు చివరి ఆదివారం. పొద్దున ఆరున్నరకి కారు అద్దాల మీద మంచు నీళ్లలా కారుతోంది. అమ్మకి సోమవారం స్కూల్ ఉంది కాబట్టి మధ్యాహ్నానికల్లా వైజాగ్ చేరాలని ప్లాన్. కారు స్టార్ట్ చేసి గేటు దగ్గర బ్రేక్ నొక్కానో లేదో, ముందు నుంచి గర్ర్‌మని సౌండ్.

"ఏంట్రా అది?" అన్నారు నాన్న.

"రాత్రంతా మంచులో ఉంది కదా నాన్నా, డిస్కు మీద తుప్పు పట్టుంటుంది. రెండు బ్రేకులేస్తే పోతుంది" అన్నాను ధీమాగా.

అబద్ధమేం కాదు. డిస్కు ఇనుముదే. ఒక్క రాత్రి తడిస్తే చాలు, పల్చగా తుప్పు పడుతుంది. మొదటి నాలుగైదు బ్రేకులకి ప్యాడ్‌లు దాన్ని తుడిచేస్తాయి, సౌండ్ ఆగిపోతుంది. మాది మాత్రం ఆగలేదు.

అరకు నుంచి సుంకరమెట్ట వరకు రోడ్డు బాగుంటుంది. అక్కడక్కడా వలిసె పూల పసుపు ఇంకా మిగిలుంది. అమ్మ కిటికీలోంచి ఫొటోలు తీస్తోంది. నాకు మాత్రం చెవులన్నీ కుడి చక్రం దగ్గరే ఉన్నాయి. ఎందుకంటే ఒక నిజం నేను ఇంట్లో చెప్పలేదు. రెండు వారాల క్రితం నుంచే ఆ చక్రం కీచుమంటోంది. ఆఫీసుకి వెళ్లేటప్పుడు పాటల సౌండ్ పెంచేసి దాన్ని వినబడకుండా చేశాను. ట్రిప్‌కి రెండు రోజుల ముందు ఆ కీచు దానంతటదే ఆగిపోయింది. హమ్మయ్య, సెట్ అయిపోయింది అనుకున్నాను!

సుంకరమెట్ట కాఫీ తోటల దగ్గర బండి పక్కకి తీశాను. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలకి ఎర్రటి పళ్లు. అమ్మానాన్న కాఫీ తాగుతుంటే నేను ఒక్కొక్కటే చెక్ చేయడం మొదలుపెట్టాను. కోడ్‌లో బగ్ వెతికినట్టే. ముందు అది ఎప్పుడు వస్తోందో పట్టుకోవాలి.

మొదటి ప్రశ్న: బ్రేక్ నొక్కితేనే వస్తోందా, నొక్కకపోయినా వస్తోందా? నొక్కకపోయినా సన్నగా రాసుకుంటోంది. నొక్కితే ఇంకా గట్టిగా గీరుతోంది. అంటే గొడవ బ్రేక్‌లోనే.

రెండోది: మలుపులో మారుతోందా? చక్రం బేరింగ్ పోతే ఊఁ అని ఒక మూలుగులా ఉంటుంది, స్టీరింగ్ తిప్పినప్పుడు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. మాకు ఆ తేడా లేదు.

మూడోది: రాయి ఇరుక్కుందా? డిస్కు వెనక పల్చటి రేకు ఒకటుంటుంది. దానికీ డిస్కుకీ మధ్య చిన్న కంకర రాయి దూరినా భయంకరమైన సౌండ్ వస్తుంది. బండిని కొంచెం రివర్స్ చేస్తే చాలాసార్లు పడిపోతుంది. చేశాను. ఏమీ పడలేదు.

నాలుగోది వేడి. ముట్టుకోకుండా, అరచేతి వెనక భాగాన్ని ఒక్కో చక్రానికి దగ్గరగా పెట్టి చూశాను. ఎడమ ముందు చక్రం గోరువెచ్చగా ఉంది. కుడి చక్రం దగ్గర ఇస్త్రీ పెట్టె సెగ! కాలిన వాసన కూడా.

ఫోన్ టార్చ్ వేసి చక్రం సందుల్లోంచి చూస్తే ప్యాడ్ బానే ఉంది. నాలుగైదు మిల్లీమీటర్లు మిగిలుంది. "చూశావా, బానే ఉంది. 30 ఏళ్లు బండి నడిపాన్రా నేను. మెల్లిగా దిగిపోదాం" అన్నారు నాన్న.

దాదాపు ఒప్పేసుకున్నాను. కానీ డిస్కుకి ప్యాడ్‌లు రెండుంటాయి, పట్టకారు రెండు కొసల్లాగా. బయటి నుంచి కనిపించేది ఒకటే. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఫోన్‌ని చక్రం వెనక్కి పోనిచ్చి ఫ్లాష్‌తో ఫొటో తీశాను. జూమ్ చేసి చూస్తే గుండె ఝల్లుమంది. లోపలి ప్యాడ్‌కి అసలు మందమే లేదు. దాని వెనకుండే ఇనప పలక నేరుగా డిస్కుని గీరుతోంది.

అప్పుడర్థమైంది ఆ కీచు ఎందుకు ఆగిపోయిందో. చాలా ప్యాడ్‌లకి ఒక చిన్న ఇనప నాలుక పెడతారు. ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లకి వచ్చాక అది డిస్కుకి తగిలి కీచుమంటుంది. మార్చమని చెప్పడమే దాని పని. చెప్పింది, నేను వినలేదు. ఆ తర్వాత గీరుడు మొదలైంది.

ముందు గాలికొండ. అది దాటితే అనంతగిరి ఘాట్, ఎస్.కోట దాకా మలుపు మీద మలుపు. దిగేటప్పుడు బండి వేగాన్ని బ్రేకులు వేడిగా మార్చాలి. ఇనుము మీద ఇనుము సరిగ్గా పట్టదు. వేడి ఎక్కువైతే బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. వెనక సీట్లో అమ్మ.

ఫొటో నాన్నకి చూపించి, రెండు వారాల సంగతి కూడా చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు ఆయన. తర్వాత "మీ అమ్మని ట్రైన్ ఎక్కించు" అన్నారు.

అమ్మని అరకు వెళ్లే షేర్ ఆటోలో తీసుకెళ్లి మధ్యాహ్నం కిరండూల్ నుంచి వచ్చే రైలు ఎక్కించాను. ఆ లైన్లో సొరంగాలు యాభైకి పైనే. "సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు ఒకటే కేకలు. మీ కారు కంటే ఇదే బావుంది" అని తర్వాత ఫోన్ చేసింది.

నాతో పాటు అరకు నుంచి మెకానిక్ బైక్ మీద వచ్చాడు. చక్రం విప్పి ఒక్క చూపు చూశాడు. "లోపల పేడ్ అయిపోనాది సార్. పిన్ను జామయిపోనాది, అందుకే."

విషయం ఇదీ. బ్రేక్ నొక్కితే పిస్టన్ లోపలి ప్యాడ్‌ని తోస్తుంది. క్యాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని కూడా లాగుతుంది. పిన్ను తుప్పు పట్టి బిగుసుకుంటే క్యాలిపర్ జరగదు. భారమంతా లోపలి ప్యాడ్ మీదే. వదిలేశాక కూడా అది రాసుకుంటూనే ఉంటుంది. బయటి ప్యాడ్ మాత్రం కొత్తదానిలా నవ్వుతూ ఉంటుంది.

డిస్కు మీద గోరు పట్టేంత గాడి పడింది. రెండు ముందు చక్రాలకీ డిస్కులు, ప్యాడ్‌లు వైజాగ్ నుంచి సాయంత్రం బస్సు పార్సిల్‌లో తెప్పించాం. మెకానిక్ పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకి వాడే గ్రీజే రాశాడు. పిస్టన్‌ని మెల్లిగా వెనక్కి నొక్కి అన్నీ బిగించాడు. నేను వెంటనే స్టార్ట్ చేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు పెడల్ కొట్టండి సార్." మొదటి నొక్కుకి పెడల్ నేలకి తగిలింది! నాలుగైదుసార్లు కొట్టాక గట్టిపడింది. ఆ ఒక్క మాట చెప్పకపోతే మొదటి బ్రేక్‌కి బండి ఆగేది కాదు. తర్వాత అరకు వైపు చదును రోడ్డు మీద పది పదిహేనుసార్లు మెత్తగా బ్రేకులేయించాడు, కొత్త ప్యాడ్‌లు డిస్కుకి అలవాటు పడాలని.

ఆ రాత్రి అరకులోనే ఉన్నాం. బొంగులో చికెన్ తింటూ నాన్న టాపిక్ మళ్లీ తీయలేదు. తిడితేనే బావుండేది.

సోమవారం పొద్దున గాలికొండ దాటాక సెకండ్ గేర్‌లో పెట్టాను. బండిని ఇంజినే పట్టుకుంటోంది, బ్రేక్ అవసరమైనప్పుడే. లోయ నిండా తెల్లటి మబ్బు. అలవాటుగా పాటలు పెట్టబోయాను.

"ఉండనీరా, కింద దాకా వద్దు" అన్నారు నాన్న. కిటికీ అద్దం సగం దించి, చెవి బయటికి పెట్టి కూర్చున్నారు.

ఎస్.కోట వచ్చేదాకా గాలి చప్పుడు తప్ప ఇంకేం వినబడలేదు.