ఎడారి విద్య ఇంట కూర్చుండి నేర్వవచ్చునా?

అడవిలోనో ఎడారిలోనో దారితప్పినవాడు ప్రాణము నిలుపుకొనుట యెట్లో నేర్పు శిక్షణలు ఇప్పుడు ఫోనుపైననే లభించుచున్నవి. పండ్రెండు పాఠములు, పాఠము చివర కొన్ని ప్రశ్నలు, అన్నియు ముగిసిన పిమ్మట పేరు వ్రాసిన యొక సర్టిఫికెట్. రుసుము నాలుగువేల రూపాయలు. కొండలెక్క వేడుకపడు పట్టణపు యువకులకొఱకు పుట్టిన యీ సరకు ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలవారి ఫోనులలోనికిని వచ్చినది. ఈ మూడూళ్ల చుట్టుపట్ల గల్ఫు దేశములకు మనిషిని పంపని వాడ అరుదు. పోవువారిలో కొందరి పని నగరములలో గాక ఇసుకలో నుండును. బీడీలు చుట్టి దినము గడపుకొను ఇంటిలో నాలుగువేల రూపాయలనగా ఎన్ని వేల బీడీలో సోదరీమణులు లెక్కవేసికొనగలరు. కావున ఈ సంగతిని కొంత విప్పి చూడవలెనని మాకు తోచినది.

నవ్వి త్రోసివేయుటకును వీలులేదు. 2024 ఆగస్టులో కరీంనగరమునకు చెందిన 27 ఏండ్ల యువకుడొకడు సౌదీ అరేబియాలోని రబ్ అల్ ఖాలీ అను ఎడారిలో మరణించెను. ఆ పేరునకు ‘శూన్య ప్రదేశము’ అని అర్థము. అది రమారమి ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక; మన తెలంగాణము వంటివి అందులో అయిదు పట్టును. అతడు టెలిఫోను టవర్ల పని చేయువాడు. తోడుగా సూడాను దేశస్థుడొకడుండెను. దారి చూపు యంత్రము పనిచేయలేదు, వాహనములో ఇంధనము తీరిపోయెను, ఫోనులో విద్యుత్తు అయిపోయెను. నాలుగు దినముల పిమ్మట ఇరువురును వాహనము ప్రక్కనే విగతజీవులై కానవచ్చిరి. ఆ వార్త చదివిన దినమున మన ప్రాంతమున ఎందరు తల్లులు, ఎందరు భార్యలు అన్నము ముందు కూర్చుండి లేచిపోయియుందురో!

కోరుట్లలోని మా మేనకోడలి భర్తకు సౌదీలో డ్రైవరు పని కుదిరినది. ఊళ్లకు దూరముగా పనివారికి సామాను చేరవేయవలెనట. ఆ పిల్ల మాకు ఈ శిక్షణ ప్రకటనను పంపి, “అత్తమ్మా, ఈ పైసలు కట్టమంటవా, వద్దంటవా?” అని అడిగెను. అడిగినదానికి జవాబు చెప్పవలెను గదా. సంస్థవారు రుచి చూపుటకై ఉచితముగా ఇచ్చిన పాఠములు మూడును కలిసి చూచితిమి.

మొదటిది కట్టెతో కట్టెను రాచి నిప్పు పుట్టించుట. చూచుటకు మిక్కిలి ముచ్చటగా నున్నది. రెండవది ఉచ్చులు పన్ని కుందేళ్లను పట్టుట. దారితప్పిన డ్రైవరు రెండు దినములలో ఆకలిచే చావడు, దప్పిచే చచ్చును. కనుక ఆ పాఠము మనకు వ్యర్థము. (ఎడారిలో చలిరాత్రులు లేకపోలేదు గాని, జేబులో అగ్గిపెట్టె వేసికొనిన నిప్పు చింత తీరును.) మూడవది కొంత ఆలోచింపదగినది. నేలలో గుంట త్రవ్వి, నడుమ గిన్నె నుంచి, పైన ప్లాస్టిక్ కాగితము కప్పి, దానిపై గిన్నెకు నేరుగా చిన్న రాయి నుంచినచో, నేలలోని తేమ ఎండకు ఆవిరియై, కాగితము లోపలివైపున చెమర్చి, బొట్టుబొట్టుగా గిన్నెలో పడునట. 1965లో అమెరికాలోని అరిజోనాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని గూర్చి ప్రకటించిరి. మా అల్లుడు ఆదివారమునాడు పెరటిలో పూనికతో గుంట త్రవ్వెను. సాయంకాలమునకు గిన్నెలో పడినది అరగ్లాసునకు తక్కువ. త్రవ్వుచు అతడు త్రాగినది రెండు చెంబులు. మన పెరటి మన్ను కొంత తడి గలది. ఎడారి ఇసుకలో ఆ అరగ్లాసును దొరకునా యనునది అనుమానమే. ఈ లెక్క ఆ వీడియోలో ఎవరును చెప్పలేదు.

తెరపై నేర్చుకొనదగినది యేమియు లేదని దీనివలన అనుకొనరాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఎడ్వర్డ్ అడాల్ఫ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును ఎడారి వేడిమిలో మనుష్యదేహము ఎట్లు వర్తించునో పరీక్షలు చేసి, 1947లో పుస్తకము ప్రకటించిరి. నీడలోనే 49 డిగ్రీల వేడియున్నప్పుడు, నీరు లేక, కదలక నీడను పడియున్నవాడు రెండు దినములు నిలుచును. రాత్రివేళనైనను నడకకు పూనుకొన్నవాడు ఒక్క దినము. ఇంకొకటి వారు కనుగొన్నది మన పెద్దల పొదుపు బుద్ధికి వ్యతిరేకము: ఉన్న నీటిని గుక్కెడు గుక్కెడుగా దాచుకొనుటవలన ఆయువు పెరుగదు. దప్పియైనప్పుడు త్రాగవలెను, పొదుపు చేయవలసినది చెమటను. పగలు కదలరాదు, బట్టలు విప్పరాదు, కాలు ఇసుకపై మోపక వాహనపు నీడను ఉండవలెను, వాహనమును విడిచి నడవరాదు. విశాలమైన ఇసుకలో ఒంటరి మనిషికన్న వాహనమే వెదకువారి కంటబడును.

ఇట్టివన్నియు తెలివికి సంబంధించిన మాటలు, చేతిపనికి సంబంధించినవి కావు. చేయరానివి నేర్పుటకు తెర చాలును. పాముకాటు సంగతి చూడుడు. కాటువేసిన చోట కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు, నాటుమందులకై ప్రొద్దుపుచ్చరాదు. కాటుపడిన అవయవమును కదలనీయక, విషమునకు విరుగుడు సూది యున్న ఆసుపత్రికి కొనిపోవలెను. ఇది పది నిమిషముల పాఠము. మనదేశమున 2000 మొదలు 2019 వరకు ఏటేట సగటున 58,000 మంది పాముకాటుచే మరణించిరని పరిశోధకులు లెక్కకట్టిరి. రాత్రి నేలపై పండుకొన్నవారిని కట్లపాము కరచిన నొప్పియే తెలియక పోవుట కద్దు. దోమతెర చాపక్రిందికి దోపుకొనుట దానికి మంచి అడ్డు. ఎడారికి పోవు భర్తకన్న పొలమునకు పోవు భార్యకే ఈ పాఠము ముందు కావలెనని మాకనిపించినది. దీనికి ఎవరును నాలుగువేలు ఈయనక్కరలేదు.

చేతిపని మాత్రము వేరు. మన పొరుగు జిల్లాయైన నిజామాబాదులోని పాకాల గ్రామపు పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖర మెక్కెను. ఆమె మొదట భువనగిరి బండపై వ్రేళ్లు ఆనించి నేర్చినది, పిదప డార్జిలింగులో, లడఖు మంచులో నేర్చినది. కాలు జారినప్పుడు పట్టుకొని సరిదిద్దిన గురువు ప్రక్కనే యుండెను. 2023లో కొలంబియా దేశమున జరిగినది ఇంకను చిత్రము. మే 1వ తేదీన చిన్న విమానమొకటి అమెజాన్ అడవిలో కూలగా తల్లి మరణించెను. నలుగురు పిల్లలు నలుబది దినములు ఆ అడవిలో బ్రతికియుండిరి. అందరికన్న పెద్దది పదమూడేండ్ల బాలిక, అందరికన్న చిన్నది చంటిబిడ్డ. విమానములోని కర్రపెండలపు పిండిని, అడవి పండ్లను తిని, ఆ యక్క ముగ్గురిని కాచుకొనెను. ఏ కాయ తినదగునో, ఏది తినరాదో అమ్మమ్మ ఆమెకు చిన్ననాటినుండి అడవిలో త్రిప్పి చూపినదట.

అంత దూరము పోనేల? ఎండకాలమున మన ఊళ్లలో తునికాకునకు పోవు ఆడవారిని చూడుడు. కోడికూతకు ముందే లేచుట, ఎండ ముదరకముందే మరలుట, అంబలి త్రాగి పోవుట, ఒంటరిగా పోకుండుట. వారు వీనిని ఎవరికిని పాఠముగా చెప్పరు. కూతురు తల్లివెంట నాలుగేండ్లు తిరిగిన చాలును.

ఇక మేము తేల్చినది. పై పాఠములన్నింటికన్న పెద్దది ఒకటి ఆ పట్టికలో లేనేలేదు. కరీంనగరపు యువకుని సంగతిని మరల తలచుడు. వాహనమును అంటియుండుట తప్పుకాదు. అయినను వెదకువారు నాలుగవ దినమునకుగాని చేరలేదు. దేహము నిలుచునది రెండు దినములు. కనుక దారితప్పినవాని ప్రాణము అతనికి తెలిసిన విద్యపైకన్న, ఇతడు ఎచటికి పోయెనో, ఎప్పటికి రావలెనో ఎరిగి, రాకపోయిన వెంటనే కదలువారిపై ఆధారపడియున్నది. అట్లు ఎరిగియుండదగినవారు ఎవరు? మన ఇండ్లలో పోయినవాడు చెప్పడు, ఉన్నది అడుగదు. “మంచిగున్నా” అను ఒక్క మాటతో వారపు ఫోను ముగియును. భయపడుదురని దాచుట మగవారికి ప్రేమగా తోచును. మేమీ మాట అన్నప్పుడు అల్లుడు మొదట ఒప్పుకొనలేదు. “ఇంట్ల ఉన్నోళ్లు అక్కడికొచ్చి ఏం జేస్తరు, అత్తమ్మా?” అనెను. ఇంట నున్నది అచ్చటికి పోనక్కరలేదు, ఫోను చేసిన చాలును, ఎవరికి చేయవలెనో తెలిసియుండవలెను అని మేనకోడలే జవాబు చెప్పెను. ఆ పిల్ల అంత నిబ్బరముగా మాటాడుట మేము మునుపు చూడలేదు.

అటుపిమ్మట ఒక కాగితముపై వ్రాసికొంటిరి: వాహనపు సంఖ్య, మేనేజరు ఫోను, తోడు పనివాని ఫోను, అతని ఇంటివారి ఫోను, మామూలుగా పోవు దారి, ఊరు విడుచునప్పుడు పంపవలసిన చిన్న మాట, చేరినప్పుడు పంపవలసిన మాట. చెప్పిన వేళకు ఆరుగంటలు దాటినచో మొదట తోడువానికి, పిదప మేనేజరునకు, పిదప అచ్చటి పోలీసులకు, రియాదులోని భారత రాయబార కార్యాలయమునకు. ఆరుగంటలే యేల యని అల్లుడు వాదించెను. పదునెనిమిదని మొదలుపెట్టి ఆరునకు దిగివచ్చుటకు ఒక పూట పట్టినది.

నాలుగువేలు కట్టలేదు. వానితో ఇరువది లీటర్ల నీటి డబ్బాలు రెండు, ఫోనునకు విద్యుత్తు నింపు పరికరమొకటి, తళుకుమను అద్దమొకటి అచ్చట కొనవలెనని చీటీ వ్రాసి యిచ్చితిమి. విదేశాంగశాఖవారు పని నిమిత్తము పోవువారికి 2018 నుండి ఉచితముగా ఇచ్చు ఒక దినపు శిక్షణకు అతనిని పంపితిమి. అందు ఎడారి విద్య లేకున్నను, ఒప్పందపత్రము, సహాయమునకు పిలువవలసిన చోటులు తెలియును. వేసవిలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు వరకు ఎండలో పని చేయింపరాదను సౌదీ నిబంధనయు తెలిసియుండుట మంచిది.

ఆన్‌లైన్ శిక్షణ ఎల్లప్పుడును దండుగయని మా అభిప్రాయము కాదు. గురువు ఎదుట కనబడి, నేర్చువాడు చేసినదానిని చూచి దిద్దునెడల, చివర ఒక్క దినమైనను ఆరుబయట చేయించునెడల, రుసుము పెట్టదగినదే. అందుచే ఆ సంస్థవారికి మూడు ప్రశ్నలు వ్రాసి పంపితిమి. పాఠము చెప్పువారు ఎడారిలో ఎన్నాళ్లున్నారు? విద్యార్థి చేసినది చూచి దిద్దువారెవరు? ఇంటివారు ఏమి చేయవలెనో చెప్పు పాఠమేదైన గలదా? మూడవనాడు జవాబు వచ్చినది. రుసుము సగమునకు తగ్గించిరి. ప్రశ్నల మాట అందులో లేదు.