పెద్దాయన మంచు గాలాలు



మూడు వారాల కిందట ఆదివారం ఆన్‌లైన్ కూడిక అయిపోయాక ఫార్గో నుంచి ఒక చెల్లెమ్మ, "అయ్యగారూ, మీ గోళ్ళకి ఆ నలుపేంటి?" అని అడిగింది. గ్రీజు అని చెప్పి నవ్వేశాను. అందరూ కారు పాడైందనుకున్నారు. కారు కాదు. ఆ సంగతి ఇవాళ రాస్తున్నాను. నా తప్పు కూడా అందులో ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పబుద్ధి కాలేదు.

నేను సేవ చేసే పల్లె సంఘం మినెసోటాలోని ఆటర్ టెయిల్ కౌంటీలో ఉందని మీకు తెలుసు. ఈ ఒక్క కౌంటీలోనే వెయ్యికి పైగా చెరువులున్నాయి. చలికాలంలో అవన్నీ గడ్డకడతాయి. ఇక్కడివాళ్ళు ఆ గడ్డ మీద నడిచి వెళ్ళి, కన్నం తొలిచి, దాని పక్కన కూర్చుని చేపలు పడతారు. ఇంటి దగ్గర మన సంఘం వాళ్ళకి ఈ మాట చెబితే నమ్మరు. గడ్డకట్టిన చెరువులో చేప ఎలా బతుకుతుందని మా మేనత్త ఇప్పటికీ అడుగుతుంది. నీళ్ళు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయత్తా, ఆ నీళ్ళు అడుక్కి దిగుతాయి, ఇంకా చల్లబడినవి తేలికై పైకొచ్చి గడ్డకడతాయి, ఆ గడ్డే దుప్పటిలా కిందివాటిని కాపాడుతుంది అని చెబుతాను. ఆవిడ విని, "దేవుడి పని" అంటుంది. నేను అంతసేపు చెప్పింది ఆవిడ రెండు మాటల్లో తేల్చేస్తుంది.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. పాల డెయిరీ రైతు. ఇక్కడ ఎవరూ బాబాయ్, పెదనాన్న అనుకోరు, ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టే పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను గాని మనసులో మాత్రం పెదనాన్న అనే అనుకునేవాణ్ణి. మాట తక్కువ మనిషి. గుడిలో వెనకనుంచి రెండో బెంచీ. నేను వచ్చిన మొదటి చలికాలం, ఆరాధన అయ్యాక చెయ్యి కలుపుతూ, "పాస్టర్, ఒక శనివారం నాతో మంచు మీదికి రండి" అన్నారు. తప్పకుండా అన్నాను. వెళ్ళలేదు. రెండో చలికాలం మళ్ళీ అడిగారు. ప్రసంగం తయారు చేసుకోవాలన్నాను. మూడోసారి జలుబన్నాను. నాలుగోసారి ఏం చెప్పానో గుర్తు కూడా లేదు.

అసలు కారణం భయం. నేను కొల్లేరు పక్కన పుట్టినవాణ్ణి. మా నాన్న దోనె మీద వల వేసి మమ్మల్ని పెంచాడు. నీళ్ళంటే ఏమిటో ఎరిగినవాడికి నీళ్ళ మీద నడవమంటే కాళ్ళాడవు. అయితే భయమని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. పేతురు నీళ్ళ మీద నడిచిన భాగం మీద అప్పటికి ఎన్ని ప్రసంగాలు చేశానో!

అయిదో చలికాలం రాకముందే ఆయన ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమం నేనే చేశాను. ఆ తరవాతే నాకు ఒక విషయం తెలిసింది. ఇక్కడి మగవాళ్ళు పాస్టరు గదిలో కుర్చీ వేసుకుని తమ కష్టం చెప్పుకోరు. చెప్పుకునేది మంచు మీదే. రెండు కన్నాల మధ్య బోర్లించిన బకెట్ల మీద కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, నీళ్ళలోకి చూస్తూ చెప్పుకుంటారు. ఈ మాట సంఘంలో ఇంకో రైతు ఏదో మాటల్లో అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కిందటి అక్టోబరులో ఆయన భార్య ఫోన్ చేశారు. గరాజ్ ఖాళీ చేస్తున్నారట. "కొడుకు అన్నీ చెత్తలో వేసెయ్యమంటున్నాడు. మనవడేమో తాత గాలాలు నాకు కావాలంటున్నాడు. వాడికి పన్నెండేళ్ళు. ఇవి పనికొస్తాయో లేదో ఒకసారి చూస్తారా పాస్టర్? మీ నాన్నగారు చేపలు పట్టేవారని మా ఆయన చెప్పేవారు." ఆ సంగతి ఆయనకి నేనెప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు. ఆయన గుర్తుపెట్టుకున్నారు.

ఒక స్లెడ్డు నిండా సామాను. వడ్రంగి బరమాని మనిషి ఛాతీ ఎత్తున ఊహించుకోండి, అది చేతి ఆగర్. స్వీడన్‌లో చేసిన మోరా. దాని అడుగున రెండు బ్లేళ్ళు, తుప్పు పట్టి బెల్లం రంగులో ఉన్నాయి. ఒక ఇనప గడ్డపలుగు. కన్నంలో తేలే మంచు ముక్కల్ని తోడెయ్యడానికి పొడుగు కాడ ఉన్న చిల్లుల గరిటె, అచ్చం మన బూందీ గరిటే. రెండడుగుల పొట్టి గాలపు కర్రలు మూడు. పంపు కొట్టి వెలిగించే కోల్‌మన్ లాంతరు ఒకటి. ఇంకా అయిదు టిప్-అప్‌లు. ఇదొక చెక్క సాధనం. కన్నానికి అడ్డంగా పెడతారు. దాని కండె నీళ్ళలోపల ఉంటుంది, కాబట్టి తాడు గడ్డకట్టదు. చేప ఎర పట్టుకుని లాగితే కండె తిరిగి, వంచిపెట్టిన స్ప్రింగు విడుదలై, పైన చిన్న జెండా లేస్తుంది. మినెసోటాలో మంచు మీద మనిషికి రెండు గాలాలే వెయ్యనిస్తారు. మరి అయిదెందుకు? పక్కన కూర్చునేవాళ్ళ కోసం కూడా తెచ్చేవారట.

ముందు తుప్పు పని పెట్టుకున్నాను. పలుగునీ గరిటెనీ వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, స్టీలు పీచుతో తోమి, కడిగి, వెంటనే తుడిచి నూనె రాశాను. వెంటనే తుడవకపోతే మధ్యాహ్నానికి మళ్ళీ తుప్పు మొలుస్తుంది. చెక్క పిడులకి గరుకు కాగితం వేసి అవిసె నూనె పట్టించాను. ఒక హెచ్చరిక: ఆ నూనె గుడ్డల్ని ముద్ద చేసి మూల పడెయ్యకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టాలి.

బ్లేళ్ళ దగ్గర నా గర్వం అణిగింది. మా నాన్న కత్తులు నూరడం చూసి పెరిగినవాణ్ణి కదా, ఆకురాయి తీసుకుని నేనే నూరాను. నవంబరులో బకెట్ నీళ్ళు బయట గడ్డకట్టనిచ్చి తొలిచి చూశాను. పదిహేను నిమిషాలు తిప్పాను. గాజు మీద గచ్చకాయ జారినట్టు జారింది తప్ప ఒక్క పొట్టు లేవలేదు. ఆ బ్లేడుకి పదును ఎంత ముఖ్యమో వాలు అంత ముఖ్యం. వాలు కాస్త మారినా కొరకదు. నా ఆకురాయి ఆ వాలే చెడగొట్టింది. కొత్త జత కొన్నాను. వాటితో అదే బకెట్ అర నిమిషంలో అడుగు దాకా దిగింది, బకెట్‌కి కూడా చిల్లు పడింది.

లాంతరు మాత్రం నాకు చుట్టంలా అనిపించింది. మన పెట్రోమాక్స్, పంపు స్టవ్ తెలిసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు. పంపు లోపల తోలు వాషరు ఎండి చిట్లిపోయింది, గాలి ఎక్కడం లేదు. ఇంట్లో అయితే అమ్మ కొబ్బరి నూనె చుక్క వేసి వేళ్ళతో మెత్తబరిచేది. నేనూ అదే చేశాను. లోపల ఉన్నంతసేపు బాగానే పనిచేసింది. బయట చలిలో పెట్టగానే పంపు బిగుసుకుంది. ఇరవై నాలుగు డిగ్రీల కిందికి పోతే కొబ్బరి నూనె గడ్డకడుతుందని కొల్లేరు దగ్గర పెరిగిన నాకు తట్టలేదు. వాషరు తుడిచేసి ఇంజను ఆయిలు రాశాను. పాత గ్యాసు హీటరు ఒకటి కూడా ఉంది గాని దాన్ని ముట్టలేదు. మూసిన గుడిసెలో విషవాయువు కంటికి కనపడదు, ముక్కుకి వాసన రాదు. అన్నీ బాగుచెయ్యాలని లేదు, కొన్ని పారెయ్యాలి. దాన్ని పారేసి కొత్తదీ, అలారమూ కొన్నాను.

నా గోళ్ళ నలుపు టిప్-అప్‌లది. వాటి ఇరుసు గొట్టంలో గ్రీజు ఏళ్ళ తరబడి ముదిరి లక్కలా అయిపోయింది. కిరసనాయిలుతో కరిగించి, పుల్లతో గోకి, చలికి గట్టిపడని గ్రీజు నింపాను. రాత్రి మా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి పొద్దున్నే తిప్పి చూసేవాణ్ణి. గోంగూర పొట్లాల పక్కన ఈ చెక్కలేంటని మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. పాత తాడు చేత్తో లాగితేనే తెగింది, మొత్తం మార్చాను. జెండా గుడ్డలు వెలిసిపోయాయి. నాలుగింటికి కొత్త గుడ్డ కుట్టాం. అయిదోదానికి పాత ఎర్రచొక్కా ముక్క ఉంది, పెద్దాయన చొక్కా కావచ్చు. దాన్ని అలాగే ఉంచాం.

ఆ సాయంత్రాల్లో మత్తయి సువార్త 4వ అధ్యాయం నా మనసులో తిరిగింది. యాకోబు, యోహాను తండ్రి జెబెదయితో దోనెలో కూర్చుని వలలు బాగుచేసుకుంటుండగా ప్రభువు పిలిచాడు. అక్కడ బాగుచేయడానికి వాడిన గ్రీకు మాట కతార్తీజో. తప్పిదంలో చిక్కుకున్న సహోదరుణ్ణి సాత్వికంగా దారికి తెమ్మని గలతీయులకు 6వ అధ్యాయంలో పౌలు రాసిన చోటా అదే మాట. సెమినరీలో ఇది చదివి పరీక్ష రాసి మర్కులు తెచ్చుకున్నాను. చేతికి గ్రీజు అంటాక గాని, చిక్కుకున్నవాణ్ణి నేనేనని, చనిపోయినాయన తన సామానుతో నన్ను దారికి తెస్తున్నారని తోచలేదు. మా నాన్న అరుగు మీద వెదురు సూదితో వల అతుకుతుంటే నేను పక్కన కూర్చుని పుస్తకం చదువుకునేవాణ్ణి. ఆయనా ఎప్పుడూ పిలిచేవాడు, ఈ కన్ను పట్టుకోరా అని.

ఈ మంచు దేశానికీ మనకీ పాత బంధం ఉంది. 1842లో గుంటూరులో లూథరన్ సేవ మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్, తిరిగొచ్చాక ఊరుకోలేదు, అరవై దాటిన వయసులో మినెసోటా వచ్చారు. 1860లో ఇక్కడి సినడ్‌కి మొదటి అధ్యక్షుడు ఆయనే. గుంటూరు ఎండ తిన్న మనిషి ఈ చలి కూడా తిన్నాడు, మళ్ళీ 1869లో మన దేశానికి బయల్దేరాడు. నేనేమో ఇంటికి మైలు దూరంలో ఉన్న చెరువు మీదికి నాలుగేళ్ళు వెళ్ళలేదు.

మొన్న శనివారం వెళ్ళాను. పెద్దాయన కొడుకు, మనవడు, నేను. కొడుకు ఇష్టంగా రాలేదు, పిల్లవాణ్ణి ఒంటరిగా పంపలేక వచ్చాడు. మైనస్ పదిహేను. కొత్తగా కట్టిన తేటగడ్డ నాలుగు అంగుళాలుంటే మనిషి నడవచ్చని ప్రకృతి వనరుల శాఖ చెబుతుంది. తెల్లగా పాలలా ఉన్న గడ్డకి దానిలో సగమే బలం. కొడుకు ముందు నడుస్తూ నాలుగడుగులకోసారి తండ్రి పలుగుతో పొడిచి చూశాడు. తొమ్మిది అంగుళాలుంది. మెడలో అందరం మంచు మేకుల జత వేసుకున్నాం, పడితే గడ్డలోకి గుచ్చి పైకి పాకడానికి. నడుమ చెరువు ఒక్కసారిగా ఉరిమింది. నేను ఆగిపోయాను. కుర్రాడు నవ్వాడు. "అది గడ్డ పెరుగుతోంది పాస్టర్, తాత చెప్పేవాడు."

కన్నాలు తొలిచి, గాలాలు వేసి, బకెట్ల మీద కూర్చున్నాం. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. కుర్రాడు దూరంగా ఉన్న టిప్-అప్‌లు చూడ్డానికి వెళ్ళాడు. అప్పుడు కొడుకు నీళ్ళలోకి చూస్తూ అడిగాడు. "చివరి రెండేళ్ళూ నేనూ నాన్నా మాట్లాడుకోలేదు. ఆవుల్ని అమ్మేసినందుకు. మీకేమైనా చెప్పాడా?"

ఏదైనా ఓదార్పు మాట అనొచ్చు. నాకు అది బాగా అలవాటే. కాని అక్కడ నోరు రాలేదు.

"నన్ను నాలుగుసార్లు ఇక్కడికి రమ్మన్నారు. చెప్పడానికే పిలిచారేమో. నేను రాలేదు. గడ్డంటే భయపడ్డాను, ఆ మాట ఆయనకి చెప్పకుండా సాకులు చెప్పాను. నన్ను క్షమించండి."

అతను తలెత్తలేదు. కోపం వస్తుందనుకున్నాను, వచ్చినా నాకు తగినదే. కాసేపటికి, "నన్ను ఆరుసార్లు పిలిచాడు" అన్నాడు.

అంతలో కుర్రాడు కేకేశాడు. ఎర్రచొక్కా జెండా లేచింది. అతను పరుగెత్తాడు, నేను పడిపోకుండా ఎంత వేగంగా నడవగలనో అంత వేగంగా వెనకే వెళ్ళాను. కండె గిరగిరా తిరుగుతోంది, ఇరుసు ఎక్కడా పట్టలేదు. కుర్రాడు తాడు చేతిలోకి తీసుకున్నాడు.

"లాగకు. ముందు కొంచెం పోనివ్వు," అన్నాడు వాళ్ళ నాన్న, పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటూ.

నేను తిరిగి నా బకెట్ దగ్గరికొచ్చేసరికి కన్నం మీద సన్నటి పొర కట్టేసింది. గరిటెతో దాన్ని తీసేసి మళ్ళీ కూర్చున్నాను.