పిల్లల నడకను బట్టి ప్రయాణం

పిల్లలను వెంటబెట్టుకొని విదేశాలకు వెళ్ళడం ఇప్పుడు మన సంఘాలలో కొత్త సంగతి కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతపు కుటుంబాలలో అమెరికాకో గల్ఫుకో వెళ్ళిన కొడుకులూ కోడళ్ళూ ఉన్నారు. ఆదివారపు ప్రార్థన మనవులలో వీసా మాట, ప్రయాణపు మాట వినిపిస్తూనే ఉంటుంది. అయితే నూరేండ్లకు పూర్వం ఇదే ప్రయాణం ఎదురు దిక్కున జరిగింది. సముద్రాలు దాటి, పసిబిడ్డలను ఎత్తుకొని మన ఊళ్ళకు వచ్చిన కుటుంబాలున్నాయి. ఆ దారిని మా పిల్లలకు చూపించాలని ఈ మూడు ఊళ్ళూ తిరిగి వచ్చాము. అక్కడ చూసినదీ, మా మనస్సులలో మెదిలినదీ పాఠకులతో పంచుకుంటున్నాము.

శంషాబాదు నుండి

మా ప్రయాణం శంషాబాదులో మొదలైంది. ఈనాడు ఆ పేరు చెప్పగానే 2008లో ప్రారంభమైన విమానాశ్రయమే గుర్తుకు వస్తుంది. కాని మెన్నొనైట్ బ్రదరెన్ సంఘస్థులకు అది పాత మిషను స్టేషను, బైబిలు కళాశాల ఉన్న ఊరు. డాక్టర్ క్యాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో ఈ దేశానికి వచ్చి, నాగర్‌కర్నూల్‌లోనూ శంషాబాదులోనూ రోగులకు సేవచేసి, 1945లో ఇక్కడే ప్రభువునందు నిద్రించారు.

అమెరికా నుండి ఈ మిషను తరఫున మొదట 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు, ఎలిజబెత్ న్యూఫెల్డ్ గారు వచ్చారు. అనారోగ్యం వలన హీబర్ట్ దంపతులు 1901లోనే తిరిగి వెళ్ళవలసి వచ్చింది. ఓడలో వారాల తరబడి ప్రయాణం, ఆ మీదట ఎరుగని ఎండ, ఎరుగని జ్వరాలు. పెద్దవారికే అలాగుంటే, పాలు తాగే బిడ్డల తల్లులు ఎంత ధైర్యం కూడగట్టుకొని ఓడ ఎక్కి ఉంటారో తలచుకోండి.

నాగర్‌కర్నూల్

జడ్చర్ల మీదుగా మేము మూడు గంటలలోపే నాగర్‌కర్నూల్ చేరాము. డి.ఎఫ్. బెర్గ్‌తోల్డ్ గారు ఇక్కడ 1906లో మిషను స్టేషను ప్రారంభించిన నాటికి సికింద్రాబాదు – గద్వాల రైలు మార్గమే లేదు. అది 1916లో వచ్చింది. నాగర్‌కర్నూలుకైతే నేటికీ రైలు లేదు. అప్పుడు బండి ప్రయాణమే. ఎద్దుల నడకే కుటుంబపు నడక.

ఆ దొరల పిల్లలకు ఇక్కడి ఆయాల ఒడిలోనే తెలుగు పట్టుబడింది. జొన్నరొట్టె, చింతతొక్కు రుచి తెలిసింది. ఆయాల పేర్లు చరిత్ర పుస్తకాలలో అరుదు. కాని పరాయి దేశపు బిడ్డకు ఈ దేశం ఇల్లుగా అనిపించిందంటే అందులో ఆ తల్లుల పాలు చాలా ఉంది.

బెర్గ్‌తోల్డ్ గారి కుమార్తె వయోలా, జాన్ ఎ. వీబె గారిని వివాహమాడి, మరల మిషనరీగా తెలుగు దేశానికే వచ్చారు. తన జ్ఞాపకాలను 'సెపియా ప్రింట్స్' అనే పుస్తకంగా 1990లో వెలువరించారు. వారి కుమారుడు పాల్ డి. వీబె పాలమూరు మెన్నొనైట్ క్రైస్తవుల మీద 1988లో గ్రంథం ప్రచురించారు. ఒక కుటుంబంలో మూడు తరాలు ఈ నేలతో ముడిపడ్డాయి.

వనపర్తి

బిజినపల్లి మీదుగా వనపర్తి వెళ్ళాము. సంస్థానాధీశుల రాజభవనం ఇప్పుడు పాలిటెక్నిక్ కళాశాల. అక్కడి మెట్ల మీద మా పిల్లలు తనివితీరా ఆడుకున్నారు. ఈ ఊరికి రైల్వే స్టేషను ఊళ్ళో లేదు. 'వనపర్తి రోడ్' స్టేషను దూరంగా మదనాపురంలో ఉంది. రైలు వచ్చిన తరువాత కూడా మిషను బంగళాలోని తల్లి బిడ్డను తీసుకొని స్టేషనుకు వెళ్ళాలంటే బండి కట్టించుకోవలసిందే.

ఆ స్టేషనులో నిలబడి మేము ఎక్కువగా ఆలోచించినది ఓడ ప్రయాణం గురించి కాదు, కొడైకెనాలు ప్రయాణం గురించి. మిషనరీల పిల్లల కొరకు 1901లో కొడైకెనాలులో హైక్లర్క్ అనే పాఠశాల ఏర్పడింది. ఆరేడేండ్లు వచ్చిన పిల్లలను అక్కడి వసతిగృహంలో చేర్చేవారు. మద్రాసు మీదుగా కొడై రోడ్డు వరకు రైలు, అక్కడినుండి కొండదారి. తల్లిదండ్రులు పని మానుకొని మళ్ళీ మళ్ళీ వెళ్ళలేరు. వేసవిలో తల్లులు కొండ మీదికి వెళ్ళి కొన్ని వారాలు పిల్లలతో గడిపేవారు. మిగిలిన నెలలన్నీ ఉత్తరాలే.

ఈ సంగతి చెబుతుంటే మా ఏడేండ్ల పెద్దవాడు, "వాళ్ళమ్మ కూడా అక్కడే ఉండొచ్చు కదా?" అన్నాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాము. దేవాలయంలో సమూయేలును విడిచిన హన్నా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకొని పోయేదని బైబిలు చెబుతుంది. బిడ్డ ఎంత ఎదిగాడో ఊహించి కుట్టిన అంగీ అది. అలాంటి ఊహతో బట్టలు కుట్టిన తల్లులు మన మిషను బంగళాలలోనూ ఉన్నారు. బాప్తిస్మముల లెక్కలు, సంఘాల లెక్కలు రిపోర్టులలో ఉన్నాయి. రైలు కదిలిన రాత్రి ఆ తల్లి ఎలా నిద్రపోయిందో ఏ రిపోర్టులోనూ లేదు.

వారిని తప్పుపట్టడానికి ఇది వ్రాయడం లేదు. ఆ బడిలో చదివిన పిల్లలు కొందరు తిరిగి మన మధ్యకే వచ్చారు. 1932లో శంషాబాదులో పుట్టిన పాల్ హీబర్ట్ కొడైకెనాలులో చదివి, పెద్దవాడై 1960లో కుటుంబంతో మరల వచ్చి శంషాబాదు బైబిలు పాఠశాలలో పనిచేశారు. కొండూరు అనే పల్లె జీవితాన్ని పరిశీలించి 1971లో గ్రంథం ప్రచురించారు. పైన చెప్పిన పాల్ వీబె కొడైకెనాలు పాఠశాలకే ప్రిన్సిపాలుగా ఉన్నారు. దేవుడు ఆ ఎడబాటును వ్యర్థం చేయలేదు. అయినా అది ఎడబాటే, దాని వెల చెల్లించినవారు చిన్నపిల్లలే.

గద్వాల

పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద కాసేపు ఆగి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాల చేరాము. గద్వాల మొదట అమెరికన్ బాప్టిస్టు మిషను క్షేత్రం. 1937లో మెన్నొనైట్ బ్రదరెన్ వారికి అప్పగింపబడింది. కోట చూశాము, మగ్గాలు చూశాము. ఇక్కడి చీరకు ఒంటి నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటిని పోగుకు పోగు కలిపి నేస్తారు. ఆ అతుకు దగ్గరే నేతగాని ఓపిక అంతా.

పాలమూరు కూలీలు కూడా తరతరాలుగా పిల్లలతోనే వలస పోయారు. దేశంలోని ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర చెట్టు కొమ్మకు చీర ఊయల కట్టి పనిచేశారు. ఆ పిల్లల చదువు ఆగిపోయింది. సేవ కొరకు పోయినా, కూటి కొరకు పోయినా, డాలర్ల కొరకు పోయినా, పెద్దల నిర్ణయపు బరువు కొంత పిల్లల మీద పడుతుంది.

ఆదికాండము 33వ అధ్యాయంలో ఏశావు తనతో కలిసి నడవమంటే, పిల్లలు పసివారు గనుక వారి నడకకు తగినట్లు మెల్లగా వస్తానని యాకోబు బదులు చెప్పాడు. ముసలితనంలో ఐగుప్తుకు వెళ్ళినప్పుడు కూడా పిల్లల కొరకు బండ్లు వచ్చిన తరువాతనే ఆ కుటుంబం కదిలింది. పరదేశ ప్రయాణానికి ఇంతకంటే మంచి నియమం మాకు కనబడలేదు.

కనుక ప్రయాణమయ్యే తలిదండ్రులకు మా మనవి. టికెట్టు కొనకముందే పిల్లలతో చెప్పండి. ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళు అనే మూడు ప్రశ్నలకు వారికి అర్థమయ్యే జవాబు ఇవ్వండి. వెంట తీసుకొని వెళ్తే తెలుగు బైబిలు, తెలుగు పాటల పుస్తకం పెట్టెలో పెట్టండి. రాత్రి కుటుంబ ప్రార్థన ఏ దేశంలోనైనా తెలుగులో జరగనివ్వండి. అమ్మమ్మ ఊళ్ళో విడిచి వెళ్ళవలసి వస్తే, తిరిగి వచ్చే తేదీ చెప్పి ఆ మాట నిలబెట్టుకోండి. ఫోనులో మార్కుల సంగతి తరువాత అడగండి, ముందు ఏమి తిన్నారో, ఎవరితో ఆడుకున్నారో అడగండి. సంఘపెద్దలకూ ఒక మనవి. విమానం ఎక్కినవారి కొరకు ప్రార్థించునప్పుడు, ఇక్కడ మిగిలిన బిడ్డను కూడా పేరు పెట్టి ప్రార్థించండి. ఆదివారం బడిలో ఆ బిడ్డ ప్రక్కన ఒకరు కూర్చోండి.

చిన్నబిడ్డలను తన యొద్దకు రానిమ్మన్న ప్రభువు, దూరదేశంలో ఉన్న పిల్లలకూ దూరమైన తలిదండ్రులకూ తోడైయుండును గాక.