కథ కంచికి, మనం ఇంటికి

ముందుగా మీకొక ప్రశ్న. సినిమా మొదలైన పది నిమిషాలకే చివర ఏమవుతుందో మీకు తెలిసిపోయిందనుకోండి. మిగిలిన రెండు గంటలు ఎందుకు కూర్చుంటారు?

నేను అడుగుతున్నది సంక్రాంతి సినిమాల గురించి. వాటి దారి మీకు తెలుసు. పట్నం నుంచో, విదేశం నుంచో ఒకరు ఊరికి వస్తారు. వాకిట్లో ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మలు, తెల్లవారుజామున భోగిమంట. బావామరదళ్ళు మొదట పోట్లాడుకుంటారు. సగం సినిమా అయ్యేసరికి ఒకరంటే ఒకరికి ఇష్టం పుడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు అలుగుతారు, పెట్టె సర్దుకుంటారు. చివరికి అందరూ కలిసి ఒకే ఫోటోలో నిలబడతారు. పాత సినిమా అయితే తెర మీద 'శుభం' అని పడుతుంది.

నేను బళ్ళో టీచర్ని, యాభై దాటినదాన్ని. పుట్టింది దక్షిణాఫ్రికాలో, డర్బన్‌కు ఉత్తరాన ఉన్న చెరకు తోటల ప్రాంతంలో. ఇప్పుడు పని చేస్తున్నది ఖోర్ ఫక్కాన్‌లో. ఇది షార్జా ఎమిరేట్‌కు చెందిన ఊరే కానీ షార్జా నగరానికి దూరంగా, కొండలకు అవతల, తూర్పు తీరంలో ఉంటుంది. ఒక పక్క హజర్ కొండలు, మరో పక్క సముద్రం. ఓడరేవులో పెద్ద పెద్ద క్రేన్లు కంటైనర్లు ఎత్తుతూ, దించుతూ ఉంటాయి.

డిసెంబరు వస్తే మా స్టాఫ్ రూములో కూడా ఇలాంటి సినిమాల మాటే. అమెరికాలో హాల్‌మార్క్ అనే టీవీ ఛానెల్ 2009 నుంచి ఏటా 'కౌంట్‌డౌన్ టు క్రిస్మస్' పేరుతో కొత్త సినిమాలు వరుసగా వేస్తోంది. పెద్ద నగరంలో ఉద్యోగం చేసే అమ్మాయి పండుగకు చిన్న ఊరికి వస్తుంది. అక్కడ మూతపడబోయే బేకరీ ఒకటి, మంచి అబ్బాయి ఒకడు. చివర్లో మంచు కురుస్తుంది. మా టీచర్లు "అన్నీ ఒకటే" అని నవ్వుతారు. మర్నాడు ఇంకొకటి చూసి వస్తారు. మంచు తీసి ముగ్గు పెట్టండి, బేకరీ తీసి తాతగారి ఇల్లు పెట్టండి. మన సంక్రాంతి సినిమా తయారు.

ఇవి ఎందుకు నచ్చుతాయి? నాకు తోచిన మొదటి కారణం భాష. అది మీకూ నాకూ సంబంధించింది.

నేను తెలుగు నేర్చుకున్నది గుడి తరగతుల్లో. శనివారం మధ్యాహ్నం గుడి హాల్లో చాప మీద కూర్చుని పెద్దబాలశిక్ష చదివాం. అక్షరాలు వచ్చాయి, భజనలు వచ్చాయి. ఆ తెలుగుతో దేవుడితో మాట్లాడగలం. కూరగాయలమ్మే మనిషితో మాట్లాడలేం. మాట్లాడే తెలుగు వినాలంటే సినిమాయే దిక్కు. కానీ దక్షిణాఫ్రికాలోని జాతి వివక్ష కారణంగా 1946లో భారతదేశం మా దేశంతో వ్యాపారం ఆపేసింది. హిందీ, తమిళ సినిమాలు ఏదో దారిన డర్బన్ చేరేవి. తెలుగు సినిమా చాలా అరుదు. నేను చూసిన మొదటి తెలుగు సినిమా వీడియో క్యాసెట్‌లో. కింద ఇంగ్లీషు అక్షరాలు లేవు.

అయినా అర్థమైంది! ఎందుకంటే కథ ముందే తెలుసు. పళ్ళెంలో తమలపాకులు, పళ్ళు, పసుపు కుంకుమలు కనబడ్డాయి. ఇద్దరు పెద్దమనుషులు ఒకరికొకరు ఆ పళ్ళెం అందించుకున్నారు. పెళ్ళి కుదిరిందని ఎవరైనా చెప్పగలరు. అప్పుడు వినబడ్డ మాట 'నిశ్చితార్థం'. నిఘంటువు తీయకుండానే ఆ మాట నాదైపోయింది. 'అలక' కూడా అలాగే వచ్చింది. అలక అంటే ఉత్త కోపం కాదు. మనవాళ్ళ మీద మాత్రమే వచ్చే కోపం. వచ్చి బతిమాలతారనే నమ్మకం ఉన్న కోపం. అలిగిన మరదలు మూడు సినిమాల్లో తలుపు వేసుకుంటే, నాలుగో సినిమాకు ఆ మాట మీకూ వచ్చేస్తుంది. నేను తరగతిలో ఇప్పటికీ ఈ పద్ధతే వాడతాను. పిల్లలకు తెలిసిన కథలోనే కొత్త మాటలు పెడతాను.

చుట్టరికాలు కూడా ఇలాగే వస్తాయి. "రాత్రంతా రామాయణం విని, సీతకు రాముడేమవుతాడని అడిగినట్టు" అనే సామెత మీరు వినే ఉంటారు. ఇక్కడ మాత్రం ఆ ప్రశ్న అడిగినా తప్పులేదు. మన ఇళ్ళలో ఇప్పుడు అందరూ 'కజిన్' అయిపోయారు. సినిమాలో అలా కుదరదు. పెదనాన్న కొడుకు, పిన్ని కొడుకు అన్నయ్యో తమ్ముడో అవుతారు. మేనత్త కొడుకు, మేనమామ కొడుకు బావ అవుతారు, వయసులో చిన్నవాడైతే బావమరిది. మొదటి పాటకు ముందు అమ్మాయి ఎవరిని 'బావా' అని పిలిచిందో వినండి, పెళ్ళికొడుకు ఎవరో తెలిసిపోతుంది. 2013 జనవరిలో వచ్చిన 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో అన్నదమ్ములిద్దరికీ పేర్లే ఉండవు. ఒకడు పెద్దోడు, ఇంకొకడు చిన్నోడు. ఇంట్లో అంతకంటే పేరు అక్కర్లేదు కదా.

రెండో కారణం ఇంకా పాతది. ముగింపు తెలిసిన కథ వినడం మనకు కొత్త కాదు. హరికథకు వెళ్ళేవాళ్ళందరికీ రాముడు తిరిగొస్తాడని తెలుసు. పద్నాలుగేళ్ళని లెక్క కూడా తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. "ఏమవుతుంది?" అనే భయం పోతే, "ఎలా అవుతుంది?" అని తీరిగ్గా చూడవచ్చు. మా అవ్వ రాత్రిపూట చెప్పే ప్రతి కథా ఒకే మాటతో అయిపోయేది: "కథ కంచికి, మనం ఇంటికి."

ఆ మాట మన పెద్దల విషయంలో సగమే నిజమైంది. ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. 1911లో ఈ పద్ధతి ఆగిపోయేలోపు లక్షా యాభై వేలకు పైగా మనుషులు నేటాల్‌కు వచ్చారు. ఒప్పందం అయిదేళ్ళు. ఆ తర్వాత మరో అయిదేళ్ళు అక్కడే ఉంటే తిరుగు ప్రయాణానికి ఓడ ఖర్చు ఇస్తామన్నారు. ఒప్పందం ముగిశాక మళ్ళీ కూలి ఒప్పందం రాయకుండా, తిరిగి వెళ్ళకుండా ఉండేవాళ్ళ మీద ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేస్తూ 1895లో చట్టం చేశారు. కొందరు తిరిగి వెళ్ళారు. చాలామంది వెళ్ళలేదు. మీరూ నేనూ ఆ వెళ్ళనివాళ్ళ పిల్లలం.

నేటాల్ ఓడ పట్టికలు మీరు చూశారా? ఒక్కొక్కరికి ఒక నంబరు ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. ఇంటి దగ్గర అమ్మ ఎంతకాలం ఎదురుచూసిందో మాత్రం ఏ పట్టికా చెప్పదు. మా ముత్తాత విశాఖపట్నం వైపు మనిషి. అక్కడ సంక్రాంతిని పెద్ద పండగ అంటారు. "పెద్ద పండక్కి వచ్చేస్తానే అమ్మా" అని చెప్పి ఆయన బయల్దేరాడట. ఏ ఏటి పండగో చెప్పలేదట. మా అవ్వ ఇది నవ్వుతూనే చెప్పేది.

ఇప్పుడు 'శతమానం భవతి' సంగతి చూద్దాం. 2017 జనవరి 14న వచ్చింది. ఆరోగ్యకరమైన వినోదం ఇచ్చిన సినిమాగా జాతీయ పురస్కారం పొందింది. ఆత్రేయపురంలో ఒక ముసలి దంపతులు ఉంటారు. పిల్లలు విదేశాల్లో ఉంటారు. సంక్రాంతికైనా వాళ్ళను ఇంటికి రప్పించాలని తాతగారు ఒక ఉపాయం పన్నుతారు. మనవరాలికీ ఊళ్ళో ఉన్న కుర్రాడికీ ప్రేమ. మిగతాది మీరే చెప్పగలరు.

ఈ సినిమాను నేను ఖోర్ ఫక్కాన్‌లో తెలిసినవాళ్ళ ఇంట్లో మళ్ళీ చూశాను. షార్జాలో 2022 నుంచి వారానికి మూడు రోజులు సెలవు: శుక్ర, శని, ఆది. కానీ ఆ సెలవు అందరికీ కాదు. ఆ రోజు వచ్చినవాళ్ళలో జగిత్యాల దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. లారీ నడుపుతాడు. కోనసీమ నుంచి వచ్చి ఒక ఇంట్లో వంట చేసే ఆవిడ ఉంది. ఇద్దరూ ఆ సినిమా అంతకుముందు చూసినవాళ్ళే.

"కథ తెలుసు కదా, మళ్ళీ ఎందుకు?" అని ఆయన్ని అడిగాను.

"నాకెర్కనే టీచరమ్మా. ఆఖర్కి అందరొస్తరు. గది సూసెతందుకే సూస్తున్న. మా బిడ్డ పెండ్లి ఫోన్లనే సూసిన. లీవు దొర్కలే."

ఆవిడ నవ్వింది. "ఏడుపొచ్చే సీను ఎప్పుడొత్తాదో ముందే తెలుసండి. ఆ టయానికి టీ పెట్టడానికెళ్ళిపోతానండి." నిజంగానే వెళ్ళింది. పిల్లలంతా ప్రయాణానికి సిద్ధమయ్యే చోట వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడింది.

కథ తెలియడం వల్ల లాభం ఏమిటో ఆ ఇద్దరి దగ్గర నాకు బాగా తెలిసింది. వాళ్ళ జీవితంలో తేదీలన్నీ ఇంకొకరి చేతుల్లో ఉంటాయి. కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో, సెలవు ఎప్పుడు ఇస్తారో, టికెట్ ఎప్పుడు వస్తుందో. సినిమాలో మాత్రం ఆలస్యం కాదు. బస్సు దిగాల్సినవాళ్ళు దిగుతారు. అన్నం వడ్డించే వేళకు ఇంటికి చేరతారు. మాట ఇచ్చినట్టే జరుగుతుందని తెలిసిన రెండు గంటలవి.

ఈ సినిమాల్లో లోపాలు లేవని నేను అనను. చాలా వాటిలో పెళ్ళాల మీద జోకులు ఎక్కువ. అమ్మాయి చదువు, ఉద్యోగం చివరి పాట వచ్చేసరికి ఎటుపోతాయో తెలియదు. ఇంకో సంగతి మనం మరిచిపోకూడదు. ఆ పెద్ద లోగిలి, ఆ ఉయ్యాల బల్ల మన ముత్తాతలవి కావు. అలాంటి ఇల్లు ఉన్నవాళ్ళలో ఎంతమంది కూలికి ఓడ ఎక్కి ఉంటారు? సినిమాలో మనవాళ్ళను వెతకాలంటే వెనక బస్తాలు మోసే మనుషుల్లో వెతకాలి. వాళ్ళకు మాటలు ఉండవు.

2005 సంక్రాంతికి వచ్చిన 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా' గుర్తుందా? లండన్‌లో పెరిగిన కుర్రాడు పల్లెటూరి అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమె అన్న అతనికి పందెం పెడతాడు: పొలం దున్ని, నాకంటే ఎక్కువ పంట పండించు, అప్పుడు చూద్దాం. ఆ కుర్రాడు మట్టిలో పడుతూ లేస్తూ ఉంటే హాలంతా నవ్వుతుంది. నేనూ నవ్వాను. కానీ నవ్వుతూనే చెరకు తోటలు గుర్తొచ్చాయి. ప్రేమ కోసం ఒక పంటకాలం చేసే కష్టానికి చప్పట్లు ఉంటాయి. అయిదేళ్ళ కష్టానికి మనవాళ్ళకు దొరికింది నెలకు కొన్ని షిల్లింగులు. అయినా ఆ సినిమా మీద నాకు కోపం లేదు. పొలంలో చేసిన పనికి చివర ఇల్లు, మనుషులు దొరకాలని ఆ కథ నమ్ముతుంది. మన పెద్దలు కూడా అదే నమ్మి ఓడ ఎక్కారు.

మా అమ్మకు ఎనభై దాటాయి. డర్బన్ దగ్గరే ఉంటుంది. ఫోన్‌లో మేం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. పెట్టేసే ముందు ఒక్క మాట మాత్రం తెలుగులో అడుగుతుంది: "ఎప్పుడొస్తావు?" ఇన్నేళ్ళూ నేను "వస్తానమ్మా" అనే చెప్పాను. నా కాంట్రాక్టు రెండేళ్ళకోసారి మారుతుంది. ఈసారి కాగితం వచ్చినప్పుడు సంతకం పెట్టలేదు. జూలైలో వెళ్తున్నాను. తేదీ చెబితే అమ్మ ఇంకోసారి చెప్పమంది, రాసుకోవడానికి. జగిత్యాల ఆయన నాలాగా కాగితం పక్కన పెట్టలేడు. ఆయనకు ఇంకా అప్పు తీరలేదు. ఆ తేడా నాకు తెలుసు.

చివరగా మీకొక ఇంటిపని. వచ్చే సంక్రాంతికి ఒక సినిమా ఎంచుకోండి. 2025లో వచ్చిన ఒకదాని పేరే 'సంక్రాంతికి వస్తున్నాం', పేరులోనే కథ ఉంది. మొదటిసారి కింద అక్షరాలతో చూడండి. రెండోసారి అవి తీసేసి చూడండి. కథ తెలుసు కాబట్టి భయం లేదు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో ఒక కాగితం మీద రాయండి. పది వరసలు వస్తే చాలు. ఆ తర్వాత మీకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరైనా ఉంటే ఫోన్ చేయండి. "వస్తాను" అని ఊరుకోకుండా తేదీ కూడా చెప్పండి. తెలుగులో అంకెలు అందరికీ వచ్చు కదా.